ఎన్నిసార్లు నొక్కారు?

మొన్న మంగళవారం పొద్దున మా బేకరీలో బర్నరు ఆగిపోయింది. ఫోను చేస్తే అరగంటలో మెకానిక్కు బండి మీద వచ్చాడు. వీపున సంచి, చెవిలో పాటలు వినే పరికరం. వచ్చీ రాగానే ఓవెన్ వెనక్కి వెళ్లి, బర్నరు పెట్టె మీద వెలుగుతున్న ఎర్ర బటన్ నొక్కాడు. అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. అంటుకోలేదు. మూడోసారికి నా కాళ్లు వాటంతట అవే వెనక్కి నడిచి మైదా బస్తాల దగ్గర ఆగాయి. నాలుగోసారి అతను చెయ్యెత్తేసరికి నాకు తెలియకుండానే అరిచాను.

"ఆగవయ్యా! నన్నేమీ అడగవా?"

అతను చెవిలోది తీసి నా వంక వింతగా చూశాడు. "ఏం అడగాలన్నా?"

ఏం అడగాలో నాకు తెలుసు. అది అడిగే మనిషి పోయి నాలుగు నెలలయింది. ఇరవై ఏళ్లకు పైగా ఆయన మా గడప తొక్కిన ప్రతిసారీ, చెప్పులు విడవకముందే, సంచి దించకముందే, ఆ ఒక్క ప్రశ్న అడిగాడు. అన్నేళ్లలో ఒక్కసారి నేను దానికి అబద్ధం చెప్పాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరును పాడుచేసినవాణ్ణి నేనే. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సేటూ అనేవాడు. కోపం వస్తే మాత్రం "అబ్బాయ్" అనేవాడు. నాకు యాభై దాటాక కూడా ఆ పిలుపు వింటే చేతులు కట్టుకోవాలనిపించేది.

బేకరీ పని తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మాది డీజిల్ ఓవెన్. దాని వెనక బర్నరు ఉంటుంది. అది ముందు గాలి ఊది, తర్వాత డీజిల్‌ను తుంపరగా చిమ్మి, నిప్పురవ్వతో అంటిస్తుంది. మంట అంటుకుందో లేదో కనిపెట్టడానికి దానికి చిటికెన వేలి గోరంత గాజు కన్ను ఒకటి ఉంటుంది. ఫొటోసెల్ అంటారు. దానికి వెలుగు కనబడితే సరే. కనబడకపోతే డీజిల్ కట్టేసి, ఎర్రదీపం పెట్టి మొండికేస్తుంది. ఆ ఎర్రదీపమే బటన్ కూడా. నొక్కితే బర్నరు మళ్లీ మొదటినుంచి ప్రయత్నిస్తుంది. నొక్కినప్పుడల్లా కాస్త డీజిల్ లోపల పడుతుంది. అంటుకోకపోతే ఆ డీజిల్ ఎక్కడికీ పోదు, వేడి ఇటుకల మీద ఆవిరై నిండుతుంది. తర్వాత ఎప్పుడో ఒక రవ్వ సరిగ్గా పడిందంటే, నిండినదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది.

అందుకే ఆయన గుమ్మంలో నిలబడి అడిగేవాడు: "నేను రాకముందు ఎన్నిసార్లు నొక్కారు?"

ఒకసారి అంటే తల ఊపి లోపలికొచ్చేవాడు. రెండుసార్లు అంటే మొహం చిట్లించేవాడు. మూడు అంటే ఇక బర్నరు దగ్గరికే వెళ్లడు. ఫ్యాను ఒక్కటే తిరిగేలా వైరు మార్చి, స్టూలు వేసుకుని కూర్చుని, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు లోపలి గాలంతా పొగగొట్టంలోంచి పోనిచ్చేవాడు. నేను తొందరపడితే, "సేటూ, పది నిమిషాలకి నీ బన్ను ముసలిదై పోదులే" అనేవాడు. మా నాన్న ఉన్న రోజుల్లో ఒకసారి నాన్నే "రెండుసార్లే" అని, ఆయన చూపు తట్టుకోలేక "అయిదు" అని ఒప్పుకున్నాడు. ఊళ్లో ఎవరికీ జంకని మనిషి మా నాన్న.

నూనె, మసి, డీజిల్ మధ్య పని చేసేవాడు గదా, వేసుకునేది మాత్రం తెల్ల పొడుగు చేతుల చొక్కా. దాని మీద మరక నేను ఏనాడూ చూడలేదు. మా ఓవెన్ మాస్టరు తెల్లవారి వేసుకున్న ఆప్రాను ఎనిమిదింటికల్లా ఎవరో తన్ని దొర్లించినట్టు ఉండేది. "ఆయన చొక్కా అంటే మసికి భయం శెట్టిగారూ, అదే దూరంగా పోద్ది" అనేవాడు మాస్టరు. కళ్లజోడు సంగతి ఇంకా తమాషా. మీటరు చదవడానికి పెట్టుకునేవాడు, మంట చూడటానికి తీసేసేవాడు. "అంకెలకి అద్దాలు కావాల. మంటకి ఎందుకు?" అనేవాడు. కేకు తినేవాడు కాదు. ఎంత మంచిది పెట్టినా "రంగేసిన బన్ను నాకెందుకు" అని, మామూలు బన్ను ఒకటి తీసుకుని టీలో ముంచుకుని, కింద పడ్డ పొడి కూడా వేలితో అద్దుకుని తినేవాడు.

ఫోనులో వైద్యం కూడా చేసేవాడు. కారంపూడి నుంచో మాచర్ల నుంచో ఎవరన్నా చేస్తే "ఫోను బర్నరు కాడ పెట్టు" అనేవాడు. ఇక్కడ మా బల్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని వినేవాడు. "ఫ్యాను తిరగతంది. టక్కుమంది, అంటే డీజిలు వదిలింది. రవ్వ పడింది. మంట కూడా అంటుకుంది. ఇదిగో, కట్టేసింది. అంటే మంట ఉండి కూడా దానికి కనబడటల్లా. కన్ను తుడువు." అవతలివాడు తుడిచేవాడు, ఓవెన్ వెలిగేది. బస్సెక్కి వెళితే వచ్చే కూలి పోగొట్టుకున్నారే అంటే నవ్వేవాడు. నేనైతే అలా చెప్పను. చెప్పనని ఆయనకీ తెలుసు.

ఫొటోసెల్‌ను పరీక్షించే తీరు ఒకటే, ఏళ్ల తరబడి మారలేదు. దాన్ని మెల్లగా బయటికి లాగి, పాత బనీను గుడ్డముక్కతో తుడిచేవాడు. ఉతికి, ఆరేసి, అరచేతి వెడల్పున కత్తిరించిన ముక్కలు సంచిలో ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉండేవి. తుడిచాక గుడ్డ మీద మసి ఎంత అంటిందో, ఏ రంగులో అంటిందో కిటికీ దగ్గర పట్టుకుని చూసేవాడు. తర్వాత మీటరు తగిలించి, కన్నును గుప్పిట్లో మూసేవాడు. చీకట్లో మీటరు ఒక అంకె చూపాలి, గుప్పిలి తెరిస్తే ఇంకో అంకెకి పడిపోవాలి. మూసి తెరిచి, మూసి తెరిచి, మూడుసార్లు. పడితే కన్ను మంచిదే. అప్పుడు కళ్లజోడు తీసి మంట వైపు తిరిగేవాడు.

"అందరూ దీన్నే తిడతారు సేటూ. ఇది మంట లేదంటే లేనట్టే. దీనికి అబద్ధం రాదు. ముందు తుడువు, తర్వాత అనుమానించు."

ఇంకో అలవాటు ఉంది, దాని గురించే ఇదంతా రాస్తున్నాను. పని మధ్యలో సామాను కోసం బయటికి వెళ్లాల్సివస్తే, కన్ను తుడిచిన ఆ గుడ్డముక్కనే ఎర్ర బటన్ మీద కప్పి, పక్కనున్న కమ్మీకి ముడి వేసి పోయేవాడు. నేనొచ్చేదాకా ముట్టుకోవద్దని దాని అర్థం. తాళం కాదు, బోర్డు కాదు, మసి అంటిన గుడ్డ. మా నరసరావుపేటలోనే కాదు, ఎడ్లపాడు మిల్లుల్లో కూడా ఆ గుడ్డ కనబడితే ఎవరూ చెయ్యి పెట్టేవాళ్లు కారు.

నేను పెట్టాను. నాలుగేళ్ల కిందట, డిసెంబరు ముప్పయ్యొకటి.

ఆ రోజు బేకరీవాళ్లకి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏడాదికంతా అదొక్కటే రోజు అన్నట్టు జనం వస్తారు. చర్చిలవాళ్ల ఆర్డర్లు, కాలేజీలవాళ్ల ఆర్డర్లు, కేకు మీద పేరు రాయించుకునేవాళ్లు. పొద్దున్నే ఓవెన్ రెండు ట్రాలీలు కాల్చి ఆగిపోయింది. ఏడింటికల్లా ఆయన వచ్చాడు. ప్రశ్న అడిగాడు. "ఒకసారే భాయ్" అన్నాను. అప్పటికది నిజం.

కన్ను తుడిచాడు, గుప్పిట్లో మూశాడు, తెరిచాడు. మంచిదే. కళ్లజోడు తీసి, ఒక్కసారి వెలిగించి మంట చూశాడు. పసుపుపచ్చగా, నీరసంగా, అటూ ఇటూ ఊగి ఆరిపోయింది.

"కన్ను బాగానే ఉంది సేటూ. మంటే బాగాలేదు. నాజిలు అరిగింది, తుంపర కుదరటల్లా. కొత్తది ఇక్కడ దొరకదు. గుంటూరు పోయొస్తా."

"గుంటూరా? ఇయ్యాలా? సాయంత్రం అయిద్ది భాయ్. కన్నుని పక్కన పెట్టి డైరెక్టుగా వెలిగించండి. రేపు మార్చుకుందాం."

ఆయన సంచి జిప్పు వేస్తూ ఆగాడు. "అబ్బాయ్, నీ ఇంటికి కాపలావాడుంటే, దొంగలొచ్చారని వాడు అరిస్తే, వాడి నోరు కడతావా?"

గుడ్డముక్క బటన్ మీద కప్పి, ముడి వేసి, "మధ్యాన్నానికి వస్తా. ఎవురూ ముట్టుకోబాకండి" అని వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నర దాకా ఓపిక పట్టాను. కౌంటరు దగ్గర జనం అరుస్తున్నారు. కలిపిన పిండి పొంగి కిందికి జారుతోంది. అప్పుడు మాస్టరు నా చెవిలో ఒక ఉపాయం చెప్పాడు. ఇంతకుముందు పని చేసిన చోట చేసేవాళ్లట. ఫొటోసెల్‌ను బయటికి లాగి మొదట బొటనవేలితో మూసిపెట్టాలి. డీజిల్ వదిలే టక్కు వినబడగానే వేలు తీసి, సెల్‌ఫోను టార్చి చూపించాలి. బర్నరు అదే మంట అనుకుని డీజిల్ పోస్తూనే ఉంటుంది. ఆరిపోయే మంట ఊగుతూనే ఎలాగో నిలబడుతుంది.

మాస్టరు ట్రాలీలు చూసుకోవాలి. టార్చి ఎవరు పట్టుకోవాలి? నేనే ముడి విప్పాను. నేనే పట్టుకున్నాను. ఇంత పెద్ద బేకరీ యజమాని, కొత్త సంవత్సరం ముందురోజు, ఓవెన్ వెనక ఇరుకులో గొంతుక్కూర్చుని, గోరంత గాజుముక్కకి గంటన్నర సేపు ఫోను టార్చి చూపించాడు. ఎవరైనా చూస్తే పడీ పడీ నవ్వేవాళ్లు. చేతిలో ఫోనుకి కాల్స్ వస్తూనే ఉన్నాయి. ఎత్తితే ఎక్కడ టార్చి ఆరిపోతుందోనని ఎత్తలేదు. అందులో ఒకటి ఆయనదే. తెర మీద 'భాయ్' అని కనబడుతోంది. అది మోగి మోగి ఆగేదాకా దాని వెలుగునే ఆ కన్నుకి చూపిస్తూ కూర్చున్నాను.

పదింటికి లోపల మంట ఆరిపోయింది. మాకు తెలియలేదు. తెలియాల్సిన కన్ను నా చేతిలో ఉంది, అది నా ఫోనును చూస్తోంది. ఎంతసేపు ఉత్త డీజిల్ పడిందో దేవుడికే తెలియాలి. ట్రాలీ బయటికి లాగితే కేకులన్నీ మధ్యలో కుంగిపోయి పాలిపోయి ఉన్నాయి. అప్పుడు కంగారుపడి, కన్నును దాని చోట పెట్టి, బటన్ నొక్కడం మొదలుపెట్టాను. నొక్కాను, అంటుకోలేదు, మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లో నాకు బాగా గుర్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఎవరికీ చెప్పలేదు.

అంతలో బయట ఆయన మోపెడ్ చప్పుడు వినబడింది. మధ్యాహ్నం వస్తానన్నవాడు పదిన్నరకే వచ్చాడు. చిలకలూరిపేటలో తెలిసినవాళ్ల దగ్గర నాజిల్ దొరికిందట. ఆ సంగతి చెప్పడానికే ఫోను చేశాడట. నేను ఆ గుడ్డముక్కను గబగబా బటన్ మీద కప్పి ముడి వేశాను. మాస్టరు కుంగిన కేకుల ట్రాలీని లోపలి గదిలోకి తోసేశాడు.

గుమ్మంలో నిలబడి అడిగాడు: "మధ్యలో ఎవురన్నా నొక్కారా?"

"లేదు భాయ్. ఒక్కసారి కూడా."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆయన మందలిస్తాడని భయం, అంతే. యాభై ఏళ్లవాణ్ణి, నా బేకరీలో నేను, "అబ్బాయ్" అని పిలిపించుకోవాల్సివస్తుందని అబద్ధమాడాను.

ఆయన లోపలికొచ్చి ముడి మీద చెయ్యి వేశాడు. ఒక క్షణం ఆగాడు. అది తను వేసిన ముడి కాదని ఆ వేళ్లకి తెలిసే ఉంటుంది. నా మొహం చూశాడు. నేను గల్లాపెట్టె వైపు చూస్తున్నట్టు నటించాను. ఆయన ముడి విప్పాడు.

"డీజిలు వాసనొస్తందే?"

"పొద్దున మీరు విప్పినప్పుడు కారిందిలే భాయ్. తొందరగా కానీయండి, జనం చంపేస్తన్నారు."

నాజిల్ మార్చాడు. పద్ధతి ప్రకారం పది నిమిషాలు ఫ్యాను ఊదాలి. స్టూలు కోసం చూశాడు కూడా. నేను "భాయ్, మీకు దణ్ణం పెడతా" అన్నాను. ఎవరూ నొక్కలేదన్నారు గదా, లోపల ఖాళీయే గదా అనుకున్నాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మంట చూడటానికి వంగి, బటన్ నొక్కాడు.

బర్నరు తలుపు ఊడొచ్చి గోడకి కొట్టుకుంది. మంట బయటికి వచ్చి, వచ్చినంత వేగంగా లోపలికి పోయింది. నేను చూసేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా, మొహం కుడిపక్క కాలిపోయాయి. కనుబొమ్మ లేదు. తెల్లచొక్కా నల్లబడింది. అరవలేదు. ఎడమచేత్తో తడుముకుంటూ డీజిల్ కుళాయి కట్టేశాడు, ఆ తర్వాతే చెయ్యి వైపు చూసుకున్నాడు.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళుతుంటే నా భుజానికి ఆనుకుని అన్నాడు: "తప్పు నాదే సేటూ. పది నిమిషాలు ఆగాల్సింది. ఆగలా. నీ పండగ బేరం పాడుచేశా."

అప్పుడు చెప్పొచ్చు. దారి పొడుగునా చెప్పొచ్చు. "మాట్లాడబాకండి భాయ్, నొప్పెక్కువైద్ది" అన్నాను.

గుంటూరు పెద్దాసుపత్రిలో మూడు వారాలు ఉన్నాడు. రోజు విడిచి రోజు వెళ్లాను. మందులు, డాక్టర్లు అన్నీ నేనే చూసుకున్నాను. ఊళ్లో నన్ను తెగ మెచ్చుకున్నారు. ఎవరిదో తప్పయితే ఈ సేటు ఎంత ఆదుకున్నాడో చూడండి అన్నారు. నేను తల దించుకుంటే దాన్ని కూడా మర్యాద అనుకున్నారు. చెయ్యి మానింది, వేళ్లు రెండు ముడుచుకుపోయాయి. కుడికంటి చూపు మసకబారింది. మాస్టరు పండగ వెళ్లగానే పని మానేసి వాళ్ల ఊరు పోయాడు. ఇక నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అక్కడితో ఆగినా నన్ను నేను కొంత క్షమించుకునేవాణ్ణేమో. వేసవిలో కారంపూడి బేకరీ అతను ఫోను చేశాడు. భాయ్ మళ్లీ పనిలోకి దిగుతానంటున్నాడు, పిలవచ్చా, నీ దగ్గరే గదా అలా జరిగింది, చెయ్యి తిన్నగానే ఉందా అని అడిగాడు. చెయ్యి బాగుందంటే మరి తప్పెవరిదన్న మాట వస్తుంది, నా అబద్ధం బయటపడుతుంది. "ఏమో అన్నా, పెద్దోడయ్యాడు గదా. ఆ రోజు పద్ధతి పాటించలేదు" అన్నాను. అన్నది అంతే. అతను ఇంకో ఇద్దరికి చెప్పాడు, వాళ్లు ఎడ్లపాడు దాకా చెప్పారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఫోనులో అడిగేవాళ్లు కూడా మానేశారు. నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది, ఇది రాస్తుంటే.

శుక్రవారం శుక్రవారం బన్నులు పట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. వెళ్లేముందు ప్రతిసారీ ఈరోజు చెప్పేస్తాననే వెళ్లేవాణ్ణి. ఆయన మంచం మీద కూర్చుని, చెడిపోయిన బర్నరును విప్పినట్టు ఆ రోజును విప్పేవాడు. మొదటినుంచి, వరసగా.

"కన్ను తుడిచా. గుప్పిట్లో పెట్టి చూశా, సరిగ్గానే ఉంది. మంట చూశా, పచ్చగా ఉంది. నాజిలు మార్చా. అది కొత్తదే. గుడ్డ కట్టిపోయా, వచ్చి విప్పా. ఎవురూ నొక్కలా. మరి లోపల అంత డీజిలు ఏడనుంచి వచ్చింది సేటూ? పొద్దున ఒక్కసారి వెలిగించినదానికి అంత రాదే."

"పోనీయండి భాయ్."

"పోనిస్తే ఎట్టా? యాడో చూసుకోలా నేను. యాడో నా చెయ్యే తప్పింది."

ప్రతి వారం అదే లెక్క, ప్రతి వారం అక్కడికే వచ్చి ఆగేవాడు. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే నేను చెప్పిన మాటను ఆయన అనుమానించేవాడు కాదు. అంతా మళ్లీ మళ్లీ తుడిచి చూసుకున్నాడు, నన్ను తప్ప.

ఒక శుక్రవారం ఆయన నాకు టీ పెట్టిద్దామంటే, వాళ్లావిడ పెరట్లో ఉంది. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి, స్టవ్వు వైపు చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "ఆవిణ్ణి రానీ. నేను వెలిగించను. నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. జిల్లా అంతా పొయ్యిలు వెలిగించిన మనిషి అగ్గిపుల్ల గీయడానికి భయపడుతున్నాడు. నేను ఆ రోజు టీ తాగకుండానే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడిస్తే ఎవరికి ఉపయోగం? చెప్పలేదు.

నాలుగు నెలల కిందట పోయాడు. గుండె. అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. అప్పుడు కూడా నలుగురూ నా భుజం తట్టారు, సొంత మనిషిలా చూసుకున్నావయ్యా అని.

మంగళవారం ఆ మెకానిక్కుని ఆపి, ఫ్యాను పది నిమిషాలు ఊదించమన్నాను. అతను గడియారం చూస్తూ విసుక్కున్నాడు. కన్ను తుడవమన్నాను. తుడిచాక వెలిగింది. అతను వెళ్లాక ఇక దుకాణంలో కూర్చోలేకపోయాను. బన్నులు కూడా తీసుకోకుండా వాళ్లింటికి నడిచాను.

వాళ్లావిడ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. స్టూలు చూపించి కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను.

"వదినా, ఆ రోజు భాయ్ తప్పు లేదు. ఆయన అడిగితే ఎవరూ నొక్కలేదన్నాను. అది అబద్ధం. గుడ్డ విప్పింది నేను. కన్నుకి టార్చి చూపించింది నేను. ఆయనొచ్చేలోపు నొక్కింది నేను."

ఆమె చేతిలో తొడిమ అలాగే ఉంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండిటికీ సిద్ధపడే వెళ్లాను. ఆమె నా వంక చూసి, అచ్చం ఆయన అడిగినట్టే అడిగింది.

"ఎన్నిసార్లు నొక్కావు?"

నాలుగేళ్లు గొంతులో ఉన్న అంకె. "తొమ్మిదిసార్లు" అన్నాను.

"తొమ్మిది" అంది ఆమె. ఇంట్లోకి తిరిగి, ఖాళీ మంచం వైపు చూసింది. "అయితే ఆయన చెయ్యి బాగానే ఉందన్నమాట. చచ్చేదాకా ఆ చేతిని తిట్టుకున్నాడు నాయనా. అన్నం కలుపుకుంటా కూడా తిట్టుకునేవాడు."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నాకాడ లేదు. ఆయన తీసుకుపోయాడు. నువ్వు కారంపూడి ఆయనకి ఏం చెప్పావో ఆ మనిషే వచ్చి నాతో అన్నాడు. మీ సేటే పిలవొద్దన్నాడని. నేను నమ్మలా. ఈయనకి చెప్పలా. ఇప్పుడు ఫోను చెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడ కూర్చునే. తర్వాత ఎడ్లపాడుకి చెయ్యి. తర్వాత ఎవురెవురికి పోయిందో అందరికీ."

ఫోను తీశాను. అదే ఫోను. కారంపూడి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకోబోతే ఆమె చేటను పక్కకి జరిపి, మా ఇద్దరి మధ్యా నేల చూపించింది.

"కింద పెట్టు. నేనూ వినాల."

స్పీకరు నొక్కి కింద పెట్టాను. అవతల ఫోను మోగింది. అతను ఎత్తి, "ఏంది సేటూ, చానా రోజులకి" అని నవ్వాడు. ఆమె మళ్లీ మిరపకాయ చేతిలోకి తీసుకుంది గాని తొడిమ తీయలేదు. నేను భాయ్ పేరు, పూర్తి పేరు చెప్పి, "ఆయన గురించి నీకొక అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టాను.